ఈ నెల మాట ‘కాంప్లికేటెడ్’: మడతలు విప్పిన బ్రౌన్ దొర



ఈ నెల మనం తీసుకున్న ఇంగ్లిష్ మాట ‘కాంప్లికేటెడ్’. ఈ మాట వినపడని రోజు మీ ఇంట్లో ఉండకపోవచ్చు. ఏడో తరగతి అమ్మాయికి లెక్క కాంప్లికేటెడ్. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులు మారే నాన్నకు ఆ వారం టైమింగ్స్ కాంప్లికేటెడ్. సాయంత్రం ఈసీఐఎల్ నుంచి ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా వెళ్లాలంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ బడి ముఖం చూడని నానమ్మ కూడా చుట్టాల మధ్య గొడవ గురించి చెప్పేటప్పుడు ఈ మాటే వాడేస్తుంది, సరిగ్గానే వాడుతుంది.

ఇప్పుడు ఒకసారి మీ పిల్లల నోట్‌బుక్‌లో మీనింగ్స్ పేజీ తీయండి. కాంప్లికేటెడ్ ఎదురుగా ‘సంక్లిష్టమైన’ అని రాసి ఉంటుంది. టీచరు టిక్కు కూడా పెట్టి ఉంటారు. తప్పేమీ లేదు. కానీ సంక్లిష్టం అంటే ఏమిటని అదే పిల్లను అడగండి. కాంప్లికేటెడ్ అని జవాబు వస్తుంది. రెండు మాటలూ ఒకదాన్నొకటి వేలు పెట్టి చూపించుకుంటున్నాయి. మధ్యలో నిలబడ్డ పిల్లకు రెండింటిలో ఏదీ అందలేదు.

ఈ చిక్కు మన కాలంలో పుట్టింది కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లిష్ యువకుడు దీన్ని ఇంకో వైపు నుంచి ఎదుర్కొన్నాడు. అతనికి ఇంగ్లిష్ వచ్చు, తెలుగు రాదు. ఆ చిక్కు విప్పడానికి ముప్పై ఏళ్ల పైచిలుకు పట్టింది. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనవాళ్లు ముద్దుగా బ్రౌన్ దొర అంటారు. ఈ నెల మాటను ఆయన జీవితం పక్కన పెట్టి చదువుదాం.

ముందు మాట సంగతి. కాంప్లికేటెడ్ ఇంగ్లిష్‌లోకి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘ప్లికారె’ అంటే మడవడం. ‘కామ్’ అంటే కలిపి. రెండూ కలిస్తే, అన్నీ కలిపి మడిచేయడం. నాలుగు చీరలను విడివిడిగా మడతపెట్టకుండా ఒకదానిలో ఒకటి కుక్కి మూట కట్టినట్టు అనుకోండి. లోపల ఏముందో పైకి కనపడదు. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌వాళ్లు ఈ మాటను మొదట అల్లుకుపోయిన, పెనవేసుకుపోయిన వస్తువులకు వాడారు. కొద్ది కాలానికే తేలని వ్యవహారాలకూ వాడసాగారు.

దీని అక్కచెల్లెళ్లు మీ ఇంటి నిండా ఉన్నారు. ‘సింపుల్’ అంటే ఒకే మడత ఉన్నది. ‘మల్టిప్లై’ అంటే అనేక మడతలు చేయడం. ‘రిప్లై’ అంటే వెనక్కి మడిచి పంపడం. ‘ఎక్స్‌ప్లిసిట్’ అంటే మడత విప్పి చూపినది. వడ్రంగి తెచ్చే ప్లైవుడ్‌లో ‘ప్లై’ అంటే పొర, అదీ ఈ మడతే. యూనిఫాం స్కర్టుకు మీరు రోజూ ఇస్త్రీ చేసే ప్లీట్స్ ఉన్నాయే, అవి కూడా ఈ ప్లికారె పిల్లలే. అంటే మీ అమ్మాయి కాంప్లికేటెడ్ అనే మాట చెల్లెల్ని కట్టుకునే బడికి వస్తోంది. ‘ఎక్స్‌ప్లెయిన్’ మాత్రం ఈ కుటుంబం కాదు, పొరుగింటిది. చదునుగా చేయడం అని దాని అర్థం. మడతలు పడ్డదాన్ని చదును చేసి పరచడమే టీచరు పని అని లాటిన్‌వాళ్లకు ముందే తెలుసేమో!

‘కాంప్లెక్స్’ దీనికి దగ్గరి చుట్టం. అక్కడ మడవడం బదులు అల్లడం ఉంది, జడ అల్లినట్టు. అల్లుకోవడం నుంచి చేతులతో చుట్టేసుకోవడం, కౌగిలించుకోవడం అనే అర్థమూ లాటిన్‌లో ఆ మాటకు వచ్చింది. చాలా దుకాణాలను ఒకే గోడలోకి చుట్టేసుకున్న భవనాన్ని మనం కాంప్లెక్స్ అనడం అందుకే అంత అసందర్భం కాదు.

మన వైపు చూడండి. సంక్లిష్టం సంస్కృతం. దాని లోపల క్లేశం ఉంది, అంటే బాధ. మీ పిల్లలు వ్యాకరణంలో చదివే సంక్లిష్ట వాక్యం పేరులో ఆ బాధ దాగి ఉంది (కొందరు పిల్లలు ఒప్పుకుంటారు). ఇంటర్ లెక్కల్లో కాంప్లెక్స్ నంబర్లను సంకీర్ణ సంఖ్యలు అంటారు, అంటే కలగలిసినవి. సంకీర్ణ ప్రభుత్వంలో ఉన్నదీ అదే మాట. జటిలమైన సమస్య అంటాం. జటిలం అంటే జటలు కట్టినది, జడలు పడ్డ జుట్టు. లాటిన్‌వాడు జడ అల్లిన చోటే మనవాళ్లకీ జుట్టు గుర్తొచ్చింది. ఇక అచ్చ తెలుగులో చిక్కు, ముడి, మెలిక, పీటముడి, మడతపేచీ. చివరిదాన్ని ఇంకోసారి చదవండి. కాంప్లికేటెడ్‌లో ఉన్న మడత మడతపేచీలోనూ ఉంది. ఈ రెంటికీ చుట్టరికం లేదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాలేదు. గుడ్డ మడిచిన చెయ్యి రోమ్‌లోనైనా రాయలసీమలోనైనా ఒకే సంగతి గమనించింది, అంతే.

అయితే ఇన్ని తెలుగు మాటల్లో కాంప్లికేటెడ్‌కు ఏది సరైనది? లెక్కకు చిక్కు సరిపోతుంది. ఆస్తి తగాదాకు మడతపేచీ బాగుంటుంది, కానీ అందులో ఎవడో కావాలని పెట్టిన పేచీ ఉంది. రోగానికి జటిలం. కథకు మెలిక. ఏ మాట ఎక్కడ వాడతారో తెలియాలంటే ఆ భాషవాళ్లు నోటితో ఎలా మాట్లాడుకుంటారో వినాలి. బ్రౌన్ చేసింది అదే.

ఆయన పుట్టింది 1798 నవంబరు 10న, కలకత్తాలో. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద హోదాలో పనిచేసినవాడు. ఆ ఇంట్లో పిల్లలకు బాల్యం నుంచే పలు భాషలు చెవిన పడ్డాయి. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరేవాళ్ల కోసం అక్కడ హెయిలీబరీలో ఒక కాలేజీ ఉండేది. కుర్రవాడు అందులో చదివి, 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి పంతొమ్మిది నిండలేదు. ఇప్పటి లెక్కలో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లవాడి వయసు.

తెలుగు అతను కోరి ఎంచుకున్న ప్రేమ కాదు, ఉద్యోగపు షరతు. మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో దేశభాషలు నేర్చి పరీక్ష గట్టెక్కితేనే పోస్టింగు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు పాఠాలు మొదలయ్యాయి. ఎ.డి. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ఒకటి 1816లో వచ్చి ఉంది. దాన్ని పట్టుకుని 1820లో పరీక్ష పాసయ్యాడు. ఆ ఏడే కడపలో కలెక్టరు కింద సహాయకుడిగా వేశారు.

పరీక్ష పాసైన తెలుగుకూ కడప బజారులో తెలుగుకూ ఎంత దూరమో అక్కడే తెలిసింది. కచేరీకి వచ్చే రైతు వ్యాకరణం ప్రకారం మొర పెట్టుకోడు. పండితుడు చెప్పే పాఠంలో ఆ రైతు మాటలు ఉండవు. మాట్లాడే తెలుగు బ్రౌన్‌కు పట్టుబడింది కడపలోనే, జనం మధ్య. మన పిల్లలు పదేళ్లు ఇంగ్లిష్ చదివి, రైల్వే స్టేషన్లో ఎవరైనా ఇంగ్లిష్‌లో దారి అడిగితే నోరు తెరవలేకపోవడం చూస్తాం కదా, అదే పరిస్థితి ఆయనది, అటు నుంచి ఇటు.

1822లో మచిలీపట్నం బదిలీ అయింది, ఆ తర్వాత రాజమండ్రి. ఆ మధ్యకాలంలో అతని చేతికి అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి మిషనరీ రాసిన పుస్తకం వచ్చింది. హిందువుల ఆచార వ్యవహారాల గురించిన పుస్తకం అది. అందులో వేమన ప్రస్తావన ఉంది. తెలుగు దేశంలో తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్న అధికారికి వేమన సంగతి ఒక ఫ్రెంచివాడి పుస్తకం చెప్పాల్సి వచ్చింది. పండితులు వేమనను కవుల వరసలో లెక్కవేసేవాళ్లు కాదు. కూలివాళ్లకు, బైరాగులకు కంఠస్థం వచ్చిన పద్యాలు పండితులకు పాఠం ఎలా అవుతాయి?

ఇక్కడ కాసేపు ఆగుదాం. సింపుల్ అంటే ఒకే మడత అని చెప్పుకున్నాం. తెలుగులో ఒకే మడత ఉన్న కవి ఎవరంటే వేమన పేరే ముందు గుర్తొస్తుంది. మన ఎల్‌కేజీ పిల్లలు కూడా మొదట పాడే పద్యాలు ఆయనవే. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం కూడా ఉంది. కానీ 1820ల్లో వేమన పద్యాలన్నీ ఒకచోట దొరికే పుస్తకం లేదు. ఒక ఊళ్లో తాటాకుల మీద కొన్ని, ఇంకో ఊళ్లో కొన్ని, మిగిలినవి జనం నోట. ఒకే పద్యం నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండేది. తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు, సంధులు కలిసిపోయి వరస మొత్తం ఒకే గొలుసులా సాగుతుంది. రాసినవాడు పొరపాటు చేస్తే ఆ తర్వాత ఎత్తిరాసినవాళ్లంతా అదే పొరపాటును మోస్తారు. ఇంతకంటే కాంప్లికేటెడ్ పని ఉంటుందా, అదీ తెలుగులో ఇంకా తడబడుతున్న పాతికేళ్ల కుర్రవాడికి!

అతను ప్రతులు తెప్పించాడు. వాటిని పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తించాడు. నోటికి వచ్చినవాళ్లను పిలిపించి చెప్పించుకున్నాడు. ఇంగ్లిష్‌లోకి అనువదించాడు. 1829లో 693 పద్యాలతో, ఇంగ్లిష్ అనువాదంతో వేమన పుస్తకం మద్రాసులో అచ్చయింది. పదేళ్ల తర్వాత, 1839లో, 1164 పద్యాలతో రెండోసారి వేశాడు. పండితుల లెక్కలో లేని కవి, అచ్చులో పండితుల ముందుకు వచ్చి కూర్చున్నాడు. నా మటుకు బ్రౌన్ చేసిన పనులన్నిటిలో ఇదే మొదట చెప్పుకోవలసినది. నిఘంటువు ఆయన కాకపోతే ఇంకొకరు, ఆలస్యంగానైనా, రాసి ఉండేవారు. వేమన మాత్రం అప్పటికే చేజారిపోతున్నాడు.

1826లో మళ్లీ కడప వచ్చినప్పుడు తోటతో సహా ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి జీతాలిచ్చాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటివాళ్లు ఆ బంగళా మనుషులు. ఊరి నుంచి ఊరికి మనుషులను పంపి తాటాకు ప్రతులు తెప్పించడం, వాటిని కాగితం మీదికి ఎక్కించడం, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు ముందు వేసుకుని సరైన పాఠం తేల్చడం, వ్యాఖ్యానం రాయించడం. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆ కాలేజీకి ట్రస్టు లేదు, ప్రభుత్వ గ్రాంటు లేదు. దొర జీతం, అది చాలనప్పుడు దొర అప్పులు.

పనిచేసిన ఊళ్లలో ఉచిత పాఠశాలలు కూడా నడిపాడు. కడపలో, మచిలీపట్నంలో, చాలా ఏళ్ల తర్వాత మద్రాసులో. ఫీజుల సీజన్లో ఇది చదువుతున్న మీకు చిన్న నవ్వు రావచ్చు. ఆ బళ్లలో చదువు చెప్పిన పంతుళ్ల జీతాలూ ఆయన జేబులోంచే.

ఇంత చదివాక బ్రౌన్‌ను మహర్షిని చేసేయాలనిపిస్తుంది. వద్దు. ఆయన కంపెనీ అధికారి. కంపెనీకి పన్నులు వసూలు చేయడానికి, తీర్పులు చెప్పడానికి భాష కావాలి. ఆయన నేర్చిన భాష ఆ పాలనకూ పనికివచ్చింది. పండితులతో ఆయన పొసగని సందర్భాలూ ఉన్నాయి. అరసున్నలు, బండి ఱలు అక్కర్లేదని తన పుస్తకాల్లో తీసిపారేయడం సంప్రదాయజ్ఞులకు మింగుడు పడలేదు. ఆయన పేరు మీద మనం చెప్పుకునే పనిలో పెద్ద భాగం జీతం తీసుకుని రాత్రింబగళ్లు తాటాకులు చదివిన తెలుగు పండితులది. బ్రౌన్ గొప్ప ఏమిటంటే ఏ ప్రశ్న అడగాలో ఆయనకు తెలుసు, జవాబు దొరికేదాకా ఆ ప్రశ్న వదలలేదు.

1834లో కొలువుకు దూరమై ఇంగ్లండ్ వెళ్లాడు. అప్పులు తీరలేదు, పని సగంలో ఉంది. ఎవరైనా అక్కడితో వదిలేసేవాళ్లు. ఆయన లండన్‌లో ఇండియా హౌస్ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ దక్షిణాది భాషల రాతప్రతులు చదివేవాళ్లు లేక మూలన పడి ఉన్నాయి. అందులో తెలుగువీ ఉన్నాయి. లండన్‌లో ఎవరికీ అక్కరకు రాని ఆ ప్రతులను మద్రాసు పంపించేలా చేశాడు. మూడు నాలుగేళ్ల తర్వాత పారశీక అనువాదకుడిగా ఉద్యోగం దొరికి తనూ మద్రాసు వచ్చాడు.

ఆ తర్వాతి కాలమంతా మద్రాసే. పోస్ట్‌మాస్టర్ జనరల్‌తో సహా రకరకాల పదవులు చేశాడు. వాటిని వరసగా చెప్పి మిమ్మల్ని విసిగించను. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వచ్చింది. 1845లో తన దగ్గరున్న రెండు వేలకు పైగా రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అప్పు చేసి కొన్నవి, ఊరికే ఇచ్చాడు.

కావ్యాల సంగతి ఒక్కటి మన మాటకు దగ్గరగా ఉంది కాబట్టి చెప్పాలి. 1844లో వసుచరిత్రను వ్యాఖ్యానంతో అచ్చు వేయించాడు. వేమనది ఒక మడత అయితే, రామరాజభూషణుడి వసుచరిత్ర మడత మీద మడత. శ్లేషకు పేరుబడ్డ కావ్యం. ఒకే పద్యం ఒకవైపు నుంచి చదివితే నదిని వర్ణిస్తుంది, ఇంకోవైపు నుంచి చూస్తే స్త్రీని, అలాంటి పద్ధతి. శ్లేష అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థం ఏమిటో తెలుసా? అంటుకోవడం, కౌగిలించుకోవడం. ఇందాక కాంప్లెక్స్ గురించి చెప్పుకున్న కౌగిలి ఇక్కడా ఉంది. రెండు అర్థాలు ఒకే మాటలో చేతులు వేసుకుని నిలబడతాయి. మాటకు ఒకే మీనింగ్ అనుకుని చదివేవాడికి ఈ కావ్యం తలుపు తీయదు. వేమన మీద మనసు పడ్డవాడే దీన్నీ అచ్చు వేయించాడని గుర్తుంచుకోండి. తేలికైనదే మంచిదని గానీ, కఠినమైనదే గొప్పదని గానీ ఆయన అనుకోలేదు. 1851లో మనుచరిత్ర వచ్చింది, దానికి వ్యాఖ్యానం జూలూరి అప్పయ్య శాస్త్రిది.

ఆ మరుసటి ఏడు, 1852లో, నిఘంటువు. మద్రాసు వేపేరిలో అచ్చయింది. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు ఒకటి, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు ఒకటి.

నిఘంటువు రాయడం అంటే ఏమిటో అర్థం కావాలంటే చిక్కు అనే ఒక్క మాట చాలు. దారం చిక్కు పడింది. జుట్టు చిక్కు తీయాలి. చిక్కు ప్రశ్న. వాడు చిక్కుల్లో పడ్డాడు. ఇంతవరకు ఒక దారి. దొంగ చిక్కాడు, అంటే దొరికాడు. పరీక్షల తర్వాత పిల్లవాడు చిక్కిపోయాడు, అంటే సన్నబడ్డాడు. చిక్కటి పాలు మాత్రం నీళ్లు కలపనివి, అంటే పలుచన కానివి. మనిషి చిక్కితే పలుచన, పాలు చిక్కబడితే గట్టి. ఇవన్నీ ఒకే మాట పిల్లలా, వేర్వేరు మాటలు చూడటానికి ఒకలా ఉన్నాయా? ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత? ఏ వాడుకకు ఏ ఉదాహరణ ఇవ్వాలి? మనకు అమ్మ ఒడిలో వచ్చిన భాష కాబట్టి ఈ ప్రశ్నలే పుట్టవు. ఇంటర్వ్యూకు వచ్చిన కొత్తవాడిలా ప్రతి మాట ముందూ నిలబడ్డవాడికే పుడతాయి. ఇలాంటి మాటలు వేలకొద్దీ.

పాత నిఘంటువులు ఎక్కువగా కావ్యాల మాటలకే చోటిచ్చేవి. బ్రౌన్ కావ్యాల మాటలతో పాటు వంటింటి మాటలు, పొలం మాటలు, కచేరీ మాటలు చేర్చాడు. చాప, చుక్క అన్నప్పుడు మనం పలికే చ వేరు, చిక్కు, చెట్టు అన్నప్పుడు పలికే చ వేరు. మీరే పలికి చూడండి, నాలుక చోటు మారుతుంది. రాతలో ఈ తేడా లేదు. పుస్తకం చూసి నేర్చుకునేవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని మొదటి రకానికి ౘ అని, అలాగే జ లోని అలాంటి ధ్వనికి ౙ అని నెత్తిన చిన్న గుర్తు పెట్టి వాడాడు. తెలుగువాడికి అవసరం లేని గుర్తు అది. నేర్చుకునేవాడి కష్టం తెలిసినవాడికే తోచే గుర్తు.

ఇంగ్లిష్ నుంచి తెలుగుకు రాసిన నిఘంటువు మరో సంగతి. దాని పేరులోనే ఇంగ్లిష్ పలుకుబళ్లను తెలుగులో వివరిస్తుందని ఉంది. మాటకు మాట కాదు, పలుకుబడికి పలుకుబడి. ఒక ఇంగ్లిష్ మాట మనిషి పక్కన ఒక అర్థం, వస్తువు పక్కన ఇంకో అర్థం ఇస్తుందని బ్రౌన్ మరిచిపోలేదు. మన మీనింగ్స్ పేజీలో లేనిది సరిగ్గా ఈ పక్క మాటే. కాంప్లికేటెడ్ లెక్క, కాంప్లికేటెడ్ తగాదా, కాంప్లికేటెడ్ మనిషి అని మూడు వరసలు రాయించి, ఒక్కోదానికి ఒక్కో తెలుగు మాట వెతకమని ఈ వారం మీ పిల్లలను అడిగి చూడండి. మూడోదానికి చాలా మంది సంక్లిష్టమైన మనిషి అని రాస్తారు. అలా ఎవరైనా మాట్లాడగా విన్నారా అని అడగండి. అప్పుడు మెలికల మనిషి, కొరకరాని కొయ్య, ఒక పట్టాన అర్థం కాడు లాంటివి బయటకు వస్తాయి. పిల్లలకు రాకపోతే నానమ్మను అడగమనండి. ఆమె దగ్గర ఇంకా ఉంటాయి.

1854లో ఇంకో చిన్న నిఘంటువు వచ్చింది. తెలుగులో కలిసిపోయి తిరుగుతున్న పరభాషా మాటలకు ప్రత్యేకంగా రాసినది, మిశ్రభాషా నిఘంటువు. అప్పటి కోర్టుల్లో, బజార్లలో ఫిర్యాదు, వకీలు, రసీదు లాంటి మాటలు లేకుండా పని జరగదు. అవి పారశీకం నుంచి, అరబ్బీ నుంచి వచ్చినవి. శుద్ధ తెలుగు కావాలనేవాళ్లు వాటిని పుస్తకంలోకి రానివ్వరు. జనం మాత్రం రోజూ వాడతారు. బ్రౌన్ జనం పక్షం వహించాడు, కానీ ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేలా వేరే పుస్తకంలో కూర్చోబెట్టాడు. ఆయన ఉద్యోగం చేసిన ఊళ్లు కంపెనీ ఏలుబడిలోవి, నిజాం రాజ్యం కాదు. మన వైపు వచ్చి ఉంటే ఆ పుస్తకం ఇంకెంత లావయ్యేదో. ఇవాళ చర్లపల్లి టెర్మినల్‌లో పది నిమిషాలు నిలబడితే తెలుగు, హిందీ, ఉర్దూ, ఒడియా, వాటన్నిటిలో కలిసిన ఇంగ్లిష్ వినపడతాయి. అది భాష చెడిపోవడమని బాధపడేవాళ్లు మనలో ఉన్నారు. బ్రౌన్ అయితే జేబులోంచి నోట్‌బుక్ తీసేవాడని నాకనిపిస్తుంది.

ఆరోగ్యం దెబ్బతినడంతో 1850ల మధ్యలో ఉద్యోగం విరమించి లండన్ చేరాడు. తెలుగు దేశం మళ్లీ చూడలేదు. తెలుగును మాత్రం వదల్లేదు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. తన సాహిత్య జీవితాన్ని చిన్న పుస్తకంగా రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న, 86 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన నిఘంటువును సవరించి 1903లో మళ్లీ అచ్చు వేశారు. ఆ సవరణలో చేయి వేసినవాళ్లలో కందుకూరి వీరేశలింగం ఒకరు. కడపలో బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఒంటిమిట్టకో గండికోటకో వెళ్లేవాళ్లు కడప ఊళ్లో ఒక గంట ఆగి చూసి రావచ్చు.

నిఘంటువు చూడటానికి కడప దాకా వెళ్లనక్కర్లేదు. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో, చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల వెబ్‌సైట్‌లో బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు ఉచితంగా ఉంది, ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. పిల్లలతో కలిసి మొదట చిక్కు వెతకండి, తర్వాత ముడి, ఆ తర్వాత మడత. ఒక్కో మాట కింద ఎన్ని అర్థాలు ఉన్నాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. ఇంట్లో మీరు వాడే మాట ఏదైనా అందులో కనపడకపోతే దాన్ని ఒక వాక్యంలో పెట్టి, ఏ సందర్భంలో వాడతారో రాసి డైరీలో పంపండి. మా తెలుగు టీచర్లు ఎదురుచూస్తుంటారు.